సోలార్ పెరిగింది, బొగ్గు తగ్గలేదు: లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక మంచి కబురు చెప్పింది. దేశంలో ఉన్న విద్యుదుత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్‌తో పనిలేనిదేనని, 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ఐదేళ్లు ముందే అందుకున్నామని ప్రకటించింది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే అంతకు కాస్త ముందే ముగిసిన 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశం తయారుచేసిన కరెంటులో నూటికి డెబ్బై యూనిట్లకు పైగా బొగ్గు నుంచే వచ్చాయి. ఇదీ నిజమే.

ఈ రెండు నిజాల మధ్యే మన వాదనలన్నీ నడుస్తుంటాయి. ఒకాయన మొదటి అంకె పట్టుకుని "ఇంకేం, గట్టెక్కేశాం" అంటాడు. ఇంకొకాయన రెండోది పట్టుకుని "అంతా ప్రచారం" అని కొట్టిపారేస్తాడు. వీళ్లకు తోడు "అభివృద్ధి కావాలా, పర్యావరణం కావాలా" అని నిలదీసే టీవీ చర్చ ఎప్పుడూ ఒకటి ఉండనే ఉంటుంది. అంత పెద్ద ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ప్రశ్నను చిన్నది చేసుకోవాలి. ఏ గంటలో, ఏ పనికి, ఎవరి డబ్బుతో కరెంటు కాలుతోంది? అలా అడిగితే మన రెండు రాష్ట్రాలకు సంబంధించినంతవరకు జవాబులో పెద్ద ముక్క ఒకటి దొరుకుతుంది, అదీ పొలం గట్టు మీదున్న మోటారు డబ్బా దగ్గర. అక్కడికి వెళ్లేముందు రెండు చిక్కులు విప్పుకోవాలి.

మెగావాట్ వేరు, యూనిట్ వేరు

మెగావాట్ అంటే యంత్రం సత్తా. యూనిట్ అంటే అది చేసిపెట్టిన పని. ఒక మెగావాట్ బొగ్గు ప్లాంటు ఏడాది పొడవునా 70 శాతం లోడుతో నడిస్తే సుమారు 61 లక్షల యూనిట్లు ఇస్తుంది. సోలార్ ప్లాంటుకు రాత్రి పని లేదు. మబ్బు పడితే సగం పని. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి అప్పుడూ అరకొరే. అన్నీ కలుపుకుంటే రాయలసీమ లాంటి మంచి ఎండ ఉన్న చోట కూడా మామూలుగా 22 శాతం దరిదాపుల్లో తేలుతుంది, అంటే మెగావాట్‌కు ఏడాదికి 19 లక్షల యూనిట్లు. మూడు మెగావాట్ల సోలార్ పెడితే గానీ ఒక మెగావాట్ బొగ్గుకు సాటి రాదు. "సామర్థ్యంలో సగం" అన్న మాట వినగానే వాడకంలో కూడా సగం అనుకోకూడదన్నది ఇందుకే.

ఇది సోలార్‌ను తక్కువ చేయడానికి చెప్పే మాట కాదు. ఆ రంగంలో జరిగింది చిన్న విషయమేమీ కాదు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్‌కు 17 రూపాయల 91 పైసల ధర నిర్ణయించింది. ఆ ధర చూసి సోలార్ అంటే పెద్దింటివాళ్ల సరదా అనుకున్నవాళ్లు చాలామంది. 2015 చివర్లో కర్నూలు సోలార్ పార్కు వేలంలో అది 4 రూపాయల 63 పైసలకు దిగింది. 2017 ఏప్రిల్‌లో కడపలో 3 రూపాయల 15 పైసలు. ఆ మరుసటి నెలే రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలు. ఏడేళ్లలో ఏడో వంతుకు పడిపోయిన సరుకు మార్కెట్లో ఇంకేదైనా ఉందా అంటే, టెలికాం డేటా తప్ప నాకు వేరే గుర్తురావడం లేదు.

అదే 2017లో కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల పక్కన దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు పూర్తయింది. ఒకే చోట ఉన్న సోలార్ పార్కుల్లో అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటది. కాబట్టి ధర దగ్గర సోలార్ ఎప్పుడో నెగ్గింది. దానికి చిక్కొచ్చి పడింది గడియారం దగ్గర.

మధ్యాహ్నం చవక, సాయంత్రం గిరాకీ

విద్యుత్ పంపిణీని చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు రోజు అంటే 24 గంటలు కాదు, పదిహేను నిమిషాల చొప్పున 96 బ్లాకులు. ఒక్కో బ్లాకులో ఎంత వాడకం ఉంటుందో, ఎక్కడి నుంచి తేవాలో ముందే రాసి పెట్టుకుంటారు. ఎండాకాలం పన్నెండు గంటల బ్లాకులో సోలార్ పొంగిపొర్లుతుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు అయ్యేసరికి అది సున్నా. సరిగ్గా అప్పుడే జనం ఇళ్లకు చేరతారు, ఏసీలు ఆన్ అవుతాయి, దుకాణాల్లో లైట్లు వెలుగుతాయి. 2025 మేలో విద్యుత్ ఎక్స్ఛేంజీలో, అంటే కరెంటు కొని అమ్ముకునే మార్కెట్లో, పగటిపూట కొన్ని బ్లాకుల ధర దాదాపు సున్నాకు పడిపోయింది. సాయంత్రం గిరాకీ బిగిసిన రోజుల్లో అదే ఎక్స్ఛేంజీలో ధర నియంత్రణ మండలి పెట్టిన పది రూపాయల పరిమితిని తాకుతుంది. అవే తీగలు, అదే యూనిట్. ఎండలో దొరికిన దానికి విలువ లేదు, పొద్దుగూకాక దొరికినదానికి బంగారమంత ధర.

మరి మధ్యాహ్నం బొగ్గు ప్లాంటును ఆపేసి సాయంత్రం వెలిగించుకోవచ్చు కదా? కుదరదు. అది కట్టెల పొయ్యి లాంటిది. ఒకసారి పూర్తిగా చల్లారిపోతే మళ్లీ అందుకోవడానికి గంటలకు గంటలు పడుతుంది, ఆ అందుకోవడానికి ఆయిల్ తగలెయ్యాలి, పైగా బాయిలర్ గొట్టాలు దెబ్బతింటాయి. అందుకే ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ప్లాంటును 55 శాతం లోడు వరకు దించవచ్చు, అంతకంటే కిందికి దించడానికి కాస్త గడువిచ్చారు. అంటే సాయంత్రం పూట ఓ నాలుగు గంటలపాటు ఉండే అవసరం కోసం అది పగలంతా సగం మంట మీద కాలుతూనే ఉండాలి. ఆ సగం మంటకు చోటివ్వడానికి ఒక్కోసారి సోలార్ ప్లాంట్లనే "కాసేపు ఆపండి" అంటారు. ఊరికే వచ్చే ఎండను వదిలేసి, కొనుక్కొచ్చిన బొగ్గును కాల్చడం అన్నమాట.

దీనికి దేశం మొత్తం మీద పెరిగే వాడకం తోడవుతుంది. 2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండ్ 250 గిగావాట్లకు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) చేరింది. కొత్తగా వచ్చిన సోలార్, గాలి యూనిట్లు చాలావరకు ఈ పెరుగుదలనే తీర్చాయి. పాత బొగ్గు యూనిట్ల జోలికి పోయే వీలు దొరకలేదు. ఇంతవరకు మనం చూసింది బొగ్గు పోయి సోలార్ రావడం కాదు, బొగ్గు మీద సోలార్ చేరడం.

ఎకరం వరికి రెండు వేల యూనిట్లు

ఇప్పుడు మోటారు డబ్బా దగ్గరకు వద్దాం. యాసంగిలో బోరు కింద ఎకరం వరి పండించాలంటే ఎంత కరెంటు కావాలి? చిన్న లెక్క. వరికి సుమారు అయిదు వేల ఘనపు మీటర్ల నీళ్లు పడతాయనుకుందాం. నీటి మట్టం రెండు వందల అడుగుల లోతున, అంటే అరవై మీటర్ల కింద ఉందనుకుందాం. ఒక ఘనపు మీటరు నీటిని, అంటే వెయ్యి లీటర్లను, అంత పైకి తేవడానికి నష్టమే లేని యంత్రానికైతే 0.16 యూనిట్ చాలు. మన పంపుసెట్లలో రీవైండింగ్ చేయించినవి, పైపు సైజు సరిపోనివి, ఓల్టేజీ తక్కువైనవి కలుపుకుంటే కరెంటులో నలభై శాతం పనికి వచ్చినా గొప్పే. కాబట్టి 0.4 యూనిట్. అయిదు వేలతో గుణిస్తే రెండు వేల యూనిట్లు.

దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఆ లెక్కన బోరు కింద ఎకరం వరి కరెంటు పొగ 1,400 కిలోలు. సగటు భారతీయుడు అన్ని అవసరాలకూ కలిపి ఏడాదికి విడుదల చేసేదే సుమారు రెండు టన్నులు. మట్టం మూడు వందల అడుగులకు పడితే ఈ రెండు వేలు మూడు వేలవుతాయి. బోరు ఎండితే ఇంకా లోతు, లోతు పెరిగితే ఇంకా కరెంటు. ఆ తిరుగుడు ఎక్కడా ఆగదు.

ఇదే రెండు వేల యూనిట్లు పదకొండు నుంచి నాలుగు మధ్య ఎండ నుంచి వస్తే? పొగ దాదాపు ఉండదు. పొలానికి కావలసింది కరెంటు కాదు, నీళ్లు. నీళ్లు మధ్యాహ్నం పారినా రాత్రి పారినా వరికి తేడా లేదు. టీవీకి, ఫ్యానుకు, ఆస్పత్రికి, ఐస్‌క్రీమ్ ఫ్రిజ్‌కు ఈ వెసులుబాటు లేదు. తెలంగాణలో పాతిక లక్షలకు మించి ఉన్న వ్యవసాయ కనెక్షన్లు, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న లక్షలాది కనెక్షన్లు కలిపి చూస్తే, పగటికి జరపగలిగిన ఇంత పెద్ద లోడు దేశంలో చాలా కొద్ది చోట్లే ఉంటుంది. బ్యాటరీలు కొనాలంటే వేల కోట్లు. ఈ లోడును ఎండ వేళకు కట్టేయాలంటే ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు, పొలాలకు వెళ్లే లైన్లు) విడదీసి, దగ్గర్లో సోలార్ పెడితే చాలు. మనకున్న అతి చవకైన బ్యాటరీ ఇదేనని నేననుకుంటాను. దాన్ని అలా ఎవరూ చూడరు, ఎందుకంటే ఉచిత విద్యుత్ అనగానే మనకు గుర్తొచ్చేది రాజకీయం.

ఆ రాజకీయానికి కారణాలున్నాయి. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఉద్యమకారులపై పోలీసు కాల్పులు జరిగాయి. 2004 మేలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా దాన్ని ముట్టుకునే సాహసం చేయలేదు. ఉచితం అన్న మాటకు వెనక అప్పట్లో ఒక షరతు ఉండేది: కరెంటు ఎప్పుడిస్తే అప్పుడే తీసుకోవాలి. అది చాలాసార్లు అర్ధరాత్రి వచ్చేది. చీకట్లో టార్చి లైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లి పాము కరిచి, స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పోయిన రైతుల వార్తలు అప్పటి జిల్లా ఎడిషన్లు చదివినవాళ్లకు కొత్త కాదు. ఆ బాధ పడలేకే ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, రైతు ఇంట్లో నిద్రపోవచ్చు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణ 24 గంటల ఉచిత విద్యుత్ మొదలుపెట్టాక ఈ ఆటో స్టార్టర్లే సమస్యయ్యాయి. కరెంటు పోదు, కాబట్టి మోటారు ఆగదు. మడి నిండి గట్టు తెగి పారుతున్నా అది తోడుతూనే ఉంటుంది. చివరికి ప్రభుత్వమే ఊరూరా తిరిగి ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలాల్సి వచ్చింది. తెలంగాణలో కరెంటు వాడకం గరిష్ఠానికి చేరేది మే నెల ఎండల్లో కాదు, యాసంగి వరి పొట్టకొచ్చే మార్చిలో. 2025 మార్చిలో అది 17,000 మెగావాట్లు దాటింది. ఆ గరిష్ఠాన్ని తట్టుకోవడానికే కొత్త ప్లాంట్లు కావాలన్నారు. నల్లగొండ జిల్లా దామరచర్లలో నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. బొగ్గు గని పక్కన లేని చోట, రైళ్ల మీద బొగ్గు మోసుకొచ్చి నడపాల్సిన కేంద్రమది. అలాంటిది ఒకటి కట్టాక పాతికేళ్ల ఒప్పందం ఉంటుంది. వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి. 2040లలో ఎవరు ముఖ్యమంత్రిగా ఉన్నా ఆ బిల్లు ఆయన బల్ల మీదకు వస్తుంది.

రైతు కరెంటును పగటికి మార్చడం ఇప్పటికే కొన్ని చోట్ల మొదలైంది. గుజరాత్ 2003లో జ్యోతిగ్రామ్ పథకం కింద ఊరి ఫీడర్‌ను, పొలం ఫీడర్‌ను విడదీసింది. మహారాష్ట్ర 2017 నుంచి వ్యవసాయ ఫీడర్ల దగ్గరే సోలార్ ప్లాంట్లు పెట్టి పగటి కరెంటు ఇచ్చే పథకం నడుపుతోంది. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్‌లోనూ ఆ వీలు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్ విధానమే ఉంది. తొమ్మిది గంటలంటే తెల్లవారుజామున మొదలెట్టినా తొమ్మిదే, పదింటికి మొదలెట్టినా తొమ్మిదే. పొగ లెక్కలో మాత్రం ఆ రెండింటికీ చాలా తేడా.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎండ కరెంటు వస్తే పొగ పోతుంది కానీ బోరు ఎండిపోవడం ఆగదు. ఉచిత గ్రిడ్ కరెంటుకైనా కోతలుంటాయి. సొంత సోలార్ పంపుకు అదీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రూపాయి ఖర్చు లేకుండా తోడుకోవచ్చు. కార్బన్ సమస్యను తీర్చే పద్ధతే భూగర్భ జలాల సమస్యను పెంచగలదు. అందుకే పొలంలో విడిగా సోలార్ పంపు ఇవ్వడం కంటే ఫీడర్ దగ్గర సోలార్ పెట్టి గంటలు నిర్ణయించడం మేలని నా అభిప్రాయం. రైతు వాడకుండా మిగిల్చిన యూనిట్లకు డబ్బు ఇస్తే ఇంకా మేలు, కానీ అందుకు మీటరు పెట్టాలి. మీటరు అన్న మాట ఎత్తితే ఏమవుతుందో రెండు రాష్ట్రాల నాయకులకూ తెలుసు.

"డబ్బొస్తే అదే శుభ్రపడుతుంది" అనే వాదన

ఆర్థిక శాస్త్రంలో ఒక పాత ఆశ ఉంది. దేశం పేదగా ఉన్నప్పుడు కాలుష్యం పెరుగుతుంది, ఒక స్థాయికి చేరాక జనం మంచి గాలి, మంచి నీళ్లు అడుగుతారు, కాలుష్యం తగ్గడం మొదలవుతుంది అని. గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1991లో గంధకం పొగ లాంటి వాటి మీద ఇలాంటి వంపును చూపించారు. కంటికి కనిపించే, ముక్కుకు తగిలే కాలుష్యం విషయంలో ఇది కొంతవరకు నిజం. ఓటు వేసేవాడే దగ్గుతాడు కాబట్టి. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, దానివల్ల దగ్గు రాదు. రామగుండంలో వదిలినది ఆస్ట్రేలియా మీదా ఒకటే. దాని కోసం ధర్నా చేసేవాళ్లు ఉండరు.

కంటికి కనిపించేదైనా డబ్బు రాగానే పోతుందనుకుంటే పొరపాటే. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. దేశంలోని థర్మల్ కేంద్రాల నుంచి ఏడాదికి 30 కోట్ల టన్నులకు పైగా బూడిద వస్తోంది. ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు ఎంతో పోతున్నా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో బూడిద చెరువు చుట్టుపక్కల ఇళ్లవాళ్లను అడిగితే గాలి లేచిన రోజు ఎలా ఉంటుందో చెబుతారు. గంధకం పొగను ఆపే యంత్రాలు పెట్టాలని 2015లో కేంద్రం నియమం తెచ్చింది, రెండేళ్ల గడువిచ్చింది. ఆ గడువును మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చి 2025 జూలైలో చాలా ప్లాంట్లకు అసలు ఆ అవసరమే లేదని మినహాయించింది. ఆ పదేళ్లలో దేశ ఆదాయం బాగానే పెరిగింది మరి.

జపాన్‌కు చెందిన యోయిచి కాయ ఈ చిక్కును నాలుగు అంకెల గుణకారంగా చూపించాడు: జనాభా, తలసరి ఆదాయం, ఒక రూపాయి ఆదాయానికి ఖర్చయ్యే శక్తి, ఆ శక్తిలో ఉండే కార్బన్. మొదటి రెండూ మన దగ్గర పెరుగుతాయి, పెరగాలి కూడా. అమెరికాలో తలకు 14 టన్నుల కార్బన్ ఖర్చవుతుంటే రెండు టన్నుల దగ్గరున్న మనల్ని ఆగమనడానికి ఎవరికీ నోరు రాకూడదు. పని చేయాల్సింది మూడు, నాలుగు అంకెల మీద. 2005 నుంచి 2020 మధ్య ఒక రూపాయి ఆదాయానికి పడే కాలుష్యాన్ని 36 శాతం తగ్గించుకున్నామని భారత్ ఐక్యరాజ్యసమితికి తెలిపింది. మెచ్చుకోదగ్గదే. కానీ ఆ పదిహేనేళ్లలో మన ఆర్థిక వ్యవస్థ రెట్టింపుకు మించి పెరిగింది కాబట్టి మొత్తం పొగ తగ్గలేదు, పెరిగింది. ఏడాదికి ఏడు శాతం పెరిగే దేశం పదేళ్లలో రెట్టింపవుతుంది. ఆ పదేళ్లలో రూపాయికి పడే కార్బన్ సగానికి తగ్గితేనే మనం ఉన్నచోట ఉంటాం.

పొదుపుతోనే పని జరిగిపోతుందా అంటే అదీ లేదు. ఉజాలా పథకంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు, సాయంత్రం దీపాల లోడు నిజంగా తగ్గింది. ఆ తగ్గిన చోటును ఏసీలు ఆక్రమించాయి. మెరుగైన ఆవిరి యంత్రం వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఇంగ్లండ్‌లో జెవన్స్ అనే ఆయన 1865లోనే గుర్తించాడు. మన దగ్గర డ్రిప్ పెట్టుకుని ఆదా చేసిన నీటితో ఇంకో ఎకరం తడిపిన రైతు చేసిందీ అదే. అతను తప్పు చేశాడని నేననను, లెక్క మాత్రం అలా వచ్చింది.

పచ్చ కరెంటుకూ ఖర్చుంది

సోలార్ పార్కు వచ్చిన గని గ్రామం దగ్గర ఆరు వేల ఎకరాలు "బంజరు" అని రాసుకోవడం తేలిక. గొర్రెలు, మేకలు తోలుకునేవాళ్లకు అది బంజరు కాదు, మేత. అక్కడికి దగ్గర్లోనే నంద్యాల జిల్లాలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డినేల అది. కాలువ నీళ్లు వచ్చి పంటలు మారడంతో ఆ పిట్ట సోలార్ రాకముందే తగ్గిపోతూ వచ్చింది. ఇప్పుడు దాని జాడ దొరకడమే అరుదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఇదే పిట్ట హైటెన్షన్ తీగలకు తగిలి చస్తోందని సుప్రీంకోర్టు 2021లో తీగలను భూమిలో పాతమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేసింది. సోలార్‌ను ఆపకూడదు, పిట్టనూ పోగొట్టుకోకూడదు అని కోర్టుకే తల తిరిగిన కేసు.

నీటితో కరెంటు నిల్వ చేసే పద్ధతికీ ఇలాంటి పేచీలున్నాయి. మధ్యాహ్నం చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసుకోవడం. నూటికి ఇరవై, పాతిక యూనిట్లు దారిలో పోతాయి, అయినా గిట్టుబాటే. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు యంత్రాలు వెనక్కి తోడగలిగేవే. కానీ శ్రీశైలం నీళ్లు కరెంటుకా, సాగుకా అన్నది రెండు రాష్ట్రాల పంచాయితీ. 2021లో డ్యాముల దగ్గర పోలీసు కాపలా పెట్టేదాకా వెళ్లింది. పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు నదితో సంబంధం లేకుండా విడిగా రెండు జలాశయాలు కట్టుకుని ఆ గొడవను తప్పించుకుంది. నదుల మీద కట్టేవాటి సంగతి వేరు. 960 మెగావాట్ల జలవిద్యుత్ కూడా ఉన్న పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి.

అలాగని బొగ్గు ఎవరినీ కదిలించలేదా? శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే తడినేలల్లో థర్మల్ ప్లాంటు పెడతామంటే 2010 జూలై 14న జనం తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకు ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. కొన్ని గంటలు ముందు వచ్చి ఉంటే ఆ తీర్పు విలువ వేరుగా ఉండేది.

బొగ్గు వదిలేయాలన్న మాట సింగరేణిలో చెప్పి చూడండి. 1880ల చివర్లో ఇల్లందు దగ్గర మొదలైన తవ్వకం కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ లాంటి ఊళ్లనే పుట్టించింది. 1990ల మొదట్లో లక్షా పది వేలకు మించి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అదే కాలంలో ఉత్పత్తి పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఉద్యోగాలు తీసేసింది సోలార్ కాదు, ఓపెన్‌కాస్టులో దిగిన పెద్ద పెద్ద యంత్రాలు. బాయిలోకి దిగే మనిషి పని పోవడం పర్యావరణవాదులు పుట్టకముందే మొదలైందంటే అతిశయోక్తే అయినా, అక్కడి జనం కోపం ఎవరి మీద పడాలో అనే విషయంలో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. సింగరేణి ఇప్పుడు సొంతంగా రెండు వందల మెగావాట్లకు పైగా సోలార్ పెట్టుకుంది. సోలార్ పార్కుకు కాపలా, ప్యానెళ్ల శుభ్రత తప్ప పెద్దగా మనుషులు అక్కర్లేదు. సింగరేణిలోలా దసరాకు లాభాల్లో వాటా పంచేంత ఉద్యోగం అక్కడ దొరకదు.

పగలూ రాత్రీ ఒకేలా లాగేది ఒకటి వస్తోంది

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ ఇప్పుడున్న వాడకం మీద. 2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని గూగుల్ ప్రకటించింది. ఉద్యోగాల గురించి, పెట్టుబడి గురించి కావలసినంత చర్చ జరిగింది. యూనిట్ల లెక్క వేద్దాం. ఒక గిగావాట్ పూర్తి లోడు మీద ఏడాదంతా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. బోరు కింద ఎకరం వరికి రెండు వేల యూనిట్ల చొప్పున ఇది సుమారు 44 లక్షల ఎకరాలకు సమానం. ఉచిత విద్యుత్తే రాష్ట్రాలను ముంచేసిందనేవాళ్లు ఈ అంకెను పక్కన పెట్టుకుని చూడాలి.

పైగా ఇది పొలం మోటారుకు పూర్తిగా వ్యతిరేకం. మధ్యాహ్నానికి జరుపుకోమంటే జరగదు. అర్ధరాత్రి రెండు గంటలకూ, మధ్యాహ్నం రెండు గంటలకూ దాదాపు ఒకేలా లాగుతుంది. సోలార్‌తో ఆ యూనిట్లు నింపాలంటే నాలుగున్నర వేల మెగావాట్లు కావాలి, గని గ్రామం దగ్గరున్న లాంటి పార్కులు నాలుగున్నర. నింపినా అది సంవత్సరం లెక్క మాత్రమే. రాత్రి కోసం నిల్వ వేరే కావాలి. 2024 చివర్లో సోలార్‌కు నాలుగు గంటల నిల్వ కలిపి కేంద్ర సంస్థ పిలిచిన వేలంలో యూనిట్ ధర మూడున్నర రూపాయల దగ్గరే తేలింది. కొత్త బొగ్గు ప్లాంటు కరెంటుకు ఇటీవలి వేలాల్లో ఐదు రూపాయలు దాటిన ధరలు వచ్చాయి. కాబట్టి సాయంత్రపు నాలుగు గంటలు దాటించడం ఇప్పుడు డబ్బు సమస్య కాదు. రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఆరు దాకా ఇంకా బొగ్గుదో, నీటిదో, అణువుదో, గాలిదో దయ.

"మేం వాడేదంతా పునరుత్పాదక విద్యుత్తే" అని ఏ కంపెనీ అయినా చెప్పినప్పుడు మామూలుగా దాని అర్థం ఏడాది మొత్తం మీద వాడినన్ని యూనిట్లు ఎక్కడో సోలార్‌లోనో గాలిలోనో కొన్నామని. మధ్యాహ్నం ఎక్కువ కొని రాత్రి బొగ్గు వాడినా ఆ లెక్క సరిపోతుంది. గంట గంటకూ సరిపోల్చి చూసుకోవడం వేరే పద్ధతి. 2030 నాటికి తమ కేంద్రాలన్నిటికీ అలా చేస్తామని 2020లో గూగులే ప్రకటించింది. విశాఖ విషయంలో ఆ మాట ఒప్పందంలో రాశారా లేదా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలో అడగదగ్గ ప్రశ్న. ఆ విచారణలకు ఎవరైనా వెళ్లవచ్చు. అభ్యంతరం రాసివ్వడానికి లాయరు అక్కర్లేదు.